నాలుగో దబ్బకాయ

నేను ఒక పొట్టి ఎస్‌యూవీని. నాలుగు చక్రాలతోనూ లాగే బండిని, కొండలెక్కడానికే పుట్టినదాన్ని. ఇప్పుడు మాత్రం కొండ దిగుతున్నాను. నా బ్రేకు పడటం లేదు.

"నొక్కుతున్నా, పెడలు కిందికి దిగట్లేదు," అన్నాడు స్టీరింగు పట్టుకున్న కామేశ్వర్. నన్ను నడిపి చూసి రాయడానికి విశాఖ నుంచి వచ్చిన కార్ల పత్రిక విలేకరి అతను. పక్క సీట్లో నా యజమాని కొర్రా పోతురాజు. పాడేరు పైన కొండదారుల్లో పర్యాటకులను తిప్పి బతుకుతాడు. ముందు మలుపు. మొన్నటి వానలకు అక్కడి రక్షణ గోడ కూలింది. ఆ తర్వాత అంతా పొగమంచే.

బండికి భయమేమిటని మీరు నవ్వవచ్చు. అంత బరువూ ఆగడం చేతకాక జారుతుంటే అప్పుడు తెలుస్తుంది.

నన్ను తయారుచేసినవాళ్లు బురదకూ బండరాళ్లకూ తట్టుకునేలా చేసి పంపారు. మొదటి యజమాని నన్ను హైదరాబాద్‌లో మూడేళ్లపాటు సినిమాహాళ్ల పార్కింగుల్లోకి ఎక్కించి దించాడు. నాలుగు చక్రాలకూ బలమిచ్చే చిన్న గేరును ఒక్కసారీ ముట్టలేదు. ఫొటో కోసం మాత్రం నా మీద బకెట్టెడు మట్టినీళ్లు చల్లించాడు. పోతురాజు కొన్నాకే నాకు సరైన పని దొరికింది.

ఈ ఉదయం కామేశ్వర్ బాగానే నడిపాడు. ఫోనులో రికార్డరు పెట్టుకుని, "స్టీరింగు బరువే కానీ మాట వింటుంది. రాళ్ల మీద ఒక చక్రం గాల్లోకి లేచినా మిగతా మూడూ లాగుతున్నాయి," అని చెప్పుకుంటూ ఎక్కాడు. నేను పొంగిపోయాను. అయితే మలుపు మలుపుకీ అతని చెయ్యి పొట్ట మీదికి పోవడం పోతురాజు చూడలేదు.

పైన కాసేపు ఆగాం. దిగే ముందు పోతురాజు తన అలవాటు ప్రకారం చక్రాల కింద కాయలు పెట్టాడు. సంతలో నిమ్మకాయలు దొరకక, పిడికిలంత పచ్చి దబ్బకాయలు నాలుగు తెచ్చాడు. దారి పక్క అమ్మవారి గుడికి వెళ్లి దండం పెట్టుకుని, వచ్చి కూర్చున్నాడు. నేను కదిలాను. మూడు కాయలు నలిగాయి. డ్రైవరు వైపు ముందు చక్రం కింద ఏమీ తగల్లేదు. నా దీపాలు ముందుకే చూస్తాయి, పక్కన ఏం జరిగిందో నాకు తెలియదు.

"క్లచ్చి తొక్కండి సార్," అన్నాడు పోతురాజు. చెయ్యి చాచి గేరు రెండులోకి లాగాడు. "ఇప్పుడు ఒగ్గీండి."

కామేశ్వర్ క్లచ్చి వదలగానే ఇంజను అరిచింది. వేగం కొంత తగ్గింది కానీ చాలలేదు. పోతురాజు హ్యాండ్‌బ్రేకు లాగి, స్టీరింగు కొండవైపు తిప్పాడు. నా పక్క రేకు మట్టిగట్టును రాసుకుంటూ పోయింది. రాళ్లు తలుపును కోశాయి. అంచుకు రెండు గజాల దూరంలో ఆగాను.



"నిన్న బ్రేకులు విప్పి బిగించింది నువ్వేనన్నావు కదా," అన్నాడు కామేశ్వర్. "ఇది నేను రాయక తప్పదు."

"రాస్తే నా బండి ఎవులూ ఎక్కరు సార్. ముందు సూడనీయండి."

పోతురాజు దిగి నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాలు తడిమాడు. తడి లేదు. డ్రైవరు తలుపు తీసి, కామేశ్వర్ కాళ్ల దగ్గర వంగి, బ్రేకు పెడలు కిందినుంచి దేన్నో బలంగా పీకాడు. పచ్చి దబ్బకాయ. ఒక పక్క గోటితో గిల్లి ఉంది.

"నాను దీన్ని చక్రం కిందే ఎట్టినాను సార్," అన్నాడు.

కామేశ్వర్ దాన్ని చూశాడు, ఫోనులో ఇంకా నడుస్తున్న రికార్డరును చూశాడు. చెరిపేస్తాడేమోనని నా ఇంజను వణికింది. అతను ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"బ్రేకుల్లో లోపం లేదు. ఘాట్ రోడ్డు ఎక్కితే నాకు వాంతులొస్తాయి. ఇరవై ఏళ్లుగా దాస్తున్నాను. పులుపు వాసన చూస్తే వికారం తగ్గుతుందని చక్రం కింది కాయ తీసి, పోతురాజు రావడం చూసి సీటు కిందికి తోశాను. దిగుడులో అది పెడలు కిందికి దొర్లింది."

పోతురాజు వైపు చూసి, మళ్లీ ఫోనులో చెప్పాడు.

"తప్పు చేసినవాడి పేరు కామేశ్వర్."