పద్నాలుగో ఇంటి గాజుముక్క

మూడోది కూడా విరిగింది.

మేస్త్రి బీరువా జరిపి చూశాడు. పొద్దున ఏడింటికి తను అతికించిన గాజుముక్క మీద, సరిగ్గా మధ్యలో, వెంట్రుకంత గీత. ఇంకా పన్నెండు కూడా కాలేదు.

తాపీ పని చేసేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. గోడ బీట వారితే దానికి అడ్డంగా వేలెడంత గాజుముక్క పెట్టి, రెండు కొసల్నీ సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాస్తారు. గాజుకి సాగే గుణం లేదు. గోడ ఏ కాస్త కదిలినా పుటుక్కున విరుగుతుంది. బీట చచ్చిందో ఇంకా బతికే ఉందో దాంతో తెలిసిపోతుంది. మేస్త్రికి ఇది నాన్న నేర్పిన విద్య. ఈ గోడ మీద పెట్టిన మొదటి గాజు పదకొండు రోజులుంది. రెండోది నాలుగు రోజులు. ఈ మూడోది ఐదు గంటలు కూడా లేదు.

ఇల్లు అక్కది. అంటే, సాయంత్రం నాలుగింటికి అక్కది కాబోతోంది. పందొమ్మిదేళ్ళుగా ఈ రెండు గదుల్లో అద్దెకుంటూ ఆమె ఆసుపత్రి దుప్పట్లకి అంచులు కుడుతోంది. ముందు గదిలో ఆమె తమ్ముడు, ఈ మేస్త్రి, ఉంటాడు. ఇవాళ కాగితాల మీద సంతకాలు పూర్తి కాకపోతే ఇల్లు, కొనడానికి కాచుకున్నవాళ్ళ జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది, అక్కాతమ్ముళ్ళు నెలాఖరుకి సామాను సర్దుకోవాలి.

ఈ వీధిని కట్టించిన మిల్లు మూతపడ్డాక, గోడకి గోడ కలిసిన ఈ పద్నాలుగు ఇళ్ళూ దాని అప్పు కింద బ్యాంకు చేతికొచ్చాయి. బ్యాంకు వాటిని వేలం వెయ్యలేదు. ఉన్నవాళ్ళకే తక్కువ ధరకి, ఇరవయ్యేళ్ళ వాయిదాల మీద ఇస్తానంది. వీధికి కొత్త రోడ్డు, కొత్త పైపులు, దీపాలు, ఇళ్ళన్నిటికీ ఒకే పసుపు రంగు. ఇంత మంచి పనిని తప్పు పడితే కళ్ళు పోతాయి. మేస్త్రి కూడా తప్పు పట్టలేదు, పనులు చేయించే కాంట్రాక్టరు పైపుల కోసం వెనక పునాదుల్ని ఆనుకుని నిలువెత్తు కందకం తవ్వి వానాకాలమంతా నీళ్ళు నిలవనిచ్చేదాకా.

ఇక ఆ సంతకం సంగతి. బయటి ఇంజనీరు మాట కన్నా సొంత వీధి మనిషి మాట మీద జనానికి నమ్మకం ఉంటుందని బ్యాంకు మేనేజరమ్మ ఒక నియమం పెట్టింది. ప్రతి ఇంటి కాగితం మీదా ఆ వీధిలో ఉండే మేస్త్రి 'ఇల్లు నిలకడగా ఉంది' అని సంతకం పెట్టాలి. ఆవిడ మనసులో కల్మషం ఏమీ లేదు. ఇంజనీరు ఫీజు మిగలడం కాంట్రాక్టరుకి నచ్చింది. వీధిలో ఉన్నది ఒకే ఒక్క మేస్త్రి. కాంట్రాక్టరు దగ్గర ఎనిమిది వందలున్న అతని రోజు కూలి పదకొండు వందలైంది.

అతను పదమూడు కాగితాల మీద సంతకం పెట్టేశాడు.

ఆ ఇళ్ళకీ చూరు కింద బీటలున్నాయి. వాటికీ గాజుముక్కలు పెట్టాడు. వారం తిరక్కుండా కాంట్రాక్టరు వచ్చి, "బ్యాంకు పెద్దలు చూడ్డానికొస్తున్నారు, ఆ అతుకులు కనపడకూడదు, పూత పెట్టెయ్," అన్నాడు. మేస్త్రి ఆ ముక్కల్ని పీకలేదు, వాటి మీదే సిమెంటు పూసి పసుపు రంగు వేశాడు. విరిగాయో లేదో చూడలేదు. చూడకపోతే తెలియదు, తెలియకపోతే తన తప్పు కాదు అనుకున్నాడు, సిగ్గులేకుండా.

"మూడోదీ విరిగిందక్కా," అన్నాడు.

"విరిగితే ఇంకోటి పెట్టు." అక్క మిషను ఆపలేదు. "గాజుముక్కలకి కరువా?"

"ఎన్ని పెట్టినా అంతే. గోడ నడుస్తోంది."

"పందొమ్మిదేళ్ళుగా నేనే ఎక్కడికీ నడవలేదు. అదెక్కడికి పోతుందట?"

అతనికి నవ్వు రాలేదు. "నేను సంతకం పెట్టను."

మిషను ఆగింది. అక్క దారం తెంపి, దుప్పటి మడిచి, కళ్ళజోడు తీసింది. ఇవన్నీ అయ్యాక తమ్ముడి వైపు తిరిగింది.

"పదమూడు మందికి పెట్టిన చెయ్యి, నాకు పెట్టదా?"

అతను బీరువాని మళ్ళీ గోడకి జరిపాడు.

"నెలకి నాలుగు వేల రెండొందలు, ఇరవయ్యేళ్ళు కట్టాలి. గోడ పడిపోయాక కూడా కట్టాల్సిందే," అన్నాడు చివరికి.

"పడేదాకా నాదే కదరా." అక్క గొంతు పెంచలేదు. "నువ్వు పెట్టకపోతే నెలాఖరుకి వీధిన పడతాం. రెండిట్లో ఏది నయమో నువ్వే చెప్పు."

నాలుగింటికి వీధి చివర షామియానా కింద కుర్చీలు నిండిపోయాయి. ఇళ్ళు తాజా పసుపులో మెరుస్తున్నాయి. ఏ గోడకీ మచ్చ లేదు. పదమూడు తాళంచెవులు పంచారు. మేనేజరమ్మ పద్నాలుగో కాగితం తీసి, మేస్త్రి వైపు జరిపి, కలం మూత తనే తీసి ఇచ్చింది.

"మీ అక్కగారిది అందరికంటే చివర పెట్టించాను. ఫొటో బాగుంటుందని," అంది నవ్వుతూ.

"ఈ ఇల్లు నిలకడగా లేదు మేడమ్."

కాంట్రాక్టరు గబగబా ముందుకొచ్చాడు. "ఎండలో పని చేశాడు కదండీ, తల తిరిగినట్టుంది. ఏం మేస్త్రీ, కూర్చుని కాస్త మంచినీళ్ళు తాగు."

మేస్త్రి కలాన్ని బల్ల మీద పెట్టాడు. "గోడ కదులుతోంది. మొదట్నుంచీ కదులుతూనే ఉంది. నేను పెట్టను."

మేనేజరమ్మ ముఖం పాలిపోయింది. ఆవిడ గొంతు తగ్గించింది. "చూడండి, ఇవాళ్టితో గడువు అయిపోతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు. మీ అక్కగారి గురించి ఆలోచించారా?"

ఆలోచించాడు. మూడో వరసలో అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. అతను అటు చూడలేకపోయాడు.

అప్పుడు ముందు వరసలోంచి తొమ్మిదో ఇంటి పాలామె లేచింది. తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది.

"మేస్త్రీ, మా గోడకీ గాజు పెట్టావు కదా. ఏమైంది అది?"

"పూత కింద ఉంది."

"విరిగిందా?"

"చూడలేదు."

"చూడకుండానే సంతకం పెట్టావా?" ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"పెట్టాను," అన్నాడు.

కుర్చీలు ఒక్కొక్కటే జరిగిన చప్పుడు. తాళంచెవులు పుచ్చుకున్నవాళ్ళు తమ ఇళ్ళ వైపు తిరిగి చూస్తున్నారు, చూరు కిందకి. అక్క వచ్చి ఎదురుగా నిలబడితే తమ్ముడు సంతకం పెట్టక ఏం చేస్తాడని, కాంట్రాక్టరు మైకు వాడి చెవిలో ఏదో చెప్పాడు. "పద్నాలుగో నంబరు, ముందుకు రావాలి," అని మైకు పిలిచింది.

మేస్త్రి తన పనిసంచీలోంచి సుత్తీ ఉలీ తీసుకుని, గోడవారగా పడుకోబెట్టి ఉన్న నిచ్చెన దగ్గరికి నడిచాడు. అది ఇద్దరు మోసే నిచ్చెన. ఒక కొస ఎత్తాడు. రెండో కొస దానంతటదే లేచినట్టనిపించి వెనక్కి చూశాడు. చీర కొంగు నడుముకి దోపుకుని అక్క నిలబడి ఉంది. అతని ముఖం వైపు చూడటం లేదు.

"నడువు," అంది.

మైకు రెండోసారి పిలిచింది. అక్క వెనక్కి తిరగలేదు.

తొమ్మిదో ఇంటి గోడకి నిచ్చెన ఆనించారు. పాలామె తాళంచెవిని పళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులతో నిచ్చెన కాలు పట్టుకుంది. మిగతావాళ్ళు చుట్టూ మూగారు. మేస్త్రి చూరు దాకా ఎక్కి, ఉలి ఆనించి, సుత్తితో కొట్టాడు. మొదటి దెబ్బకి అరచెయ్యంత పసుపు పెచ్చు ఊడి కింద పడింది. దాని వెనక, అతని చేతిరాతలో, తేదీ కనిపించింది. గాజు ఇంకా కనిపించలేదు.