నంది మెడ దాకా

ఎస్టీడీ బూత్‌లో రిసీవర్ చెవికి అదుముకుని నిలబడ్డాను. అటువైపు మా ఊరి కిరాణా కొట్టు పోచయ్య.

"గంగ ఎక్కుతున్నదిరా ఐలయ్యా. పైన ప్రాజెక్టు గేట్లు తీసిండ్రట. నీళ్లు నంది మెడ దాక వచ్చినయని పడవోళ్లు చెప్పిండ్రు. ఇల్లు విడువాల్నా, ఉండాల్నా అని మీ అత్త నిన్ను అడగమన్నది."

మా కోటగట్టు, మేం గంగ అని పిలిచే గోదావరి ఒడ్డున చిన్న పట్నం. అక్కడ వరదను అడుగుల్లో కొలవరు. రేవు మెట్ల మీద రాతి నంది ఉంది. నీళ్లు దాని మోకాళ్లకు వస్తే చేపల బజారు ఖాళీ చేస్తారు. మెడకు వస్తే కింది బజారు మునుగుతుంది. కొమ్ములు మునిగితేనే నాకా వీధికి భయం. నిజాం కాలంలో పడవల సరుకు మీద పన్ను వసూలు చేసిన పాత నాకా బంగ్లా ఆ వీధిలోనే ఉంది. ఎనభై ఆరు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో దాని గోడ మీద గీత గీసి ఉంటుంది. ఈ లెక్కంతా మా తాత చెప్పేవాడు. ఆయన పోయాక నన్నే అడుగుతారు.

అత్త సుబ్బమ్మ ఇల్లు బంగ్లా పక్కనే. నా భార్య సరిత అక్కడే పురిటి మంచం మీద ఉంది. బిడ్డ పుట్టి ఎనిమిది రోజులు. ఇరవై ఒకటో రోజు దాకా బాలింత గడప దాటదు.

"మెడ దాకనే గదా. ఫికర్ లేదు. ఇంట్లనే ఉండుమను," అన్నాను.

అరమైలు నడిచి మాదాపూర్‌లోని మా సైటుకు వచ్చాను. గుండ్రటి పెద్ద మేడకు అవతల ఇంకో ఆఫీసు కడుతున్నాం. జనరేటరుకు దిమ్మె కట్టాలి. "వాన నీళ్లు తగలొద్దు, మూడడుగులు లేపండి," అన్నాడు సూపర్‌వైజరు.

తాపీ చేతిలోనే ఆగిపోయింది.

"ఏంది మేస్త్రీ, గట్ల బిగుసుకపోయినవ్? దయ్యం గిట్ల పట్టిందా?" అన్నాడు సిమెంటు మాలు అందిస్తున్న కిష్టయ్య.

మొన్న శివరాత్రికి నందిని పైకి లేపి కింద కొత్త గద్దె కట్టింది నేనే. మూడడుగులు. రాళ్లు నా చేత్తోనే పేర్చాను. ఊరి నోట్లో లెక్క మాత్రం పాతదే, నా నోట్లోనూ. ఇప్పుడు మెడ దాకా అంటే పాత కొమ్ముల మీద రెండడుగులు. నాకా వీధి.

పరుగెత్తాను. బూత్ నడిపే భీమేశ్వరరావు నంబరు తిప్పాడు. లైను కలవలేదు. మళ్లీ తిప్పాడు.

"వానకి లైన్లు పోయుంటాయండి. మీరలా వగరుస్తుంటే నాకే గాభరాగా ఉంది, కూర్చోండి."

కూర్చోలేదు. నా వెనక, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒకాయన ఫోను కోసం చూస్తున్నాడు. నా మొహం చూసి, "మీరు కానియ్యండి అన్నా," అని బయటికి పోయాడు. పదకొండోసారి మోగింది.

"పోచన్నా! నాకా వీధికి ఉరుకు. సరితను గుట్ట ఎక్కియ్యి. నందిని లేపినం గదనే!"

"అరె..." అన్నాడు పోచయ్య. రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడు. తర్వాత రేకుల మీద వాన, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేకలు. ఏ పేరు పిలుస్తున్నారో వినబడలేదు. చెవి మార్చుకున్నాను. బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదని గుర్తొచ్చింది.

చాలాసేపటికి ఆయాసపడుతూ వచ్చాడు.

"వీధిల నడుం లోతు నీళ్లురా. ఇంటికి తాళమున్నది."

"మనుషులు?"

"ఆగు, చెప్తున్న. నీ మాట పోరగానితోని చెప్పి పంపంగనే మీ అత్త నిన్ను తిట్టిందట. 'గద్దెకు మాలు తట్టలు మోసింది నేను. వాని చెయ్యి మరిచిందేమో, నా నెత్తి మరువలే' అన్నదట. అప్పుడే బాలింతను, బిడ్డను తోల్కొని దర్గా గుట్ట ఎక్కింది. పక్కింటి సీతాబాయి కండ్లార చూసింది."

గోడకు ఆనుకున్నాను.

"బిడ్డ ఏడుస్తున్నదా, పోచన్నా?"

"గుట్ట మీద ఏడిస్తే నాకెట్ల ఇనబడుతదిరా!" అని కసిరాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఉండు. గొడుగు తీస్కొని పోయి చూసొస్త," అన్నాడు.

రిసీవరు పెట్టేయలేదు. భీమేశ్వరరావు నా వెనకకు స్టూలు జరిపాడు.