వదిన గుడ్డలు, నా బొమ్మలు

మడత విప్పగానే గోడంతా పసుపుపచ్చ.

పొద్దుటెండ కిటికీలోంచి వచ్చి, గుడ్డలోంచి దూరి, అవతల గోడ మీద వాలింది. పలచటి గుడ్డ. ఎవరూ కట్టనిది, ఎవరూ కుట్టనిది. మడత పడిన చోటల్లా గీతలు... ఎన్నేళ్ళుగా పెట్టెలో ఉందో ఆ గీతల్ని చూస్తే తెలుస్తుంది. పైన కలరా ఉండల వాసన. దాని కింద, ఇంకా పోని కొత్త గుడ్డ వాసన.

గుడ్డ మా వదినది.

వదిన అంటే మా ఆయన అక్క. బజారు వీధిలో చాలా ఏళ్ళు కుట్టు కొట్టు నడిపింది. కొట్టు మూసేసి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమెతో పాటు ఒక మిషను, ఒక కత్తెర, పెట్టెల నిండా గుడ్డలు వచ్చాయి. కట్టుకునే బట్టలు మాత్రం ఒక చేతిసంచిలో పట్టాయి.

అన్నీ కొత్త గుడ్డలే.

గుడ్డ తాను చివర ముక్క మిగిలితే బతిమాలి తెచ్చుకున్నవి. చేత్తో తడిమి, బుగ్గకు ఆనించుకుని, మంచిదేదైనా కుడదాంలే అని దాచుకున్నవి. ఆ మంచిదేదో ఎప్పటికీ రాలేదు. ఊరందరి గుడ్డలూ చకచకా కోసిన మనిషికి సొంత గుడ్డ దగ్గరకొచ్చేసరికి చేతులాడేవి కావు.

ఇప్పుడు ఆ చేతులే వణుకుతున్నాయి.

సూదిలో దారం ఎక్కదు. సుద్దతో గీసిన గీత నిలవదు. మాత్రలు వేసుకుంటోంది. వణుకు కొంచెం తగ్గింది, పోలేదు. పూర్తిగా పోదని డాక్టరు ముందే చెప్పాడు.

నావి బొమ్మలు.

చిన్నచిన్నవి — పింగాణీవి, చెక్కవి, అరచేతిలో పట్టేవి. గొడుగు పట్టుకున్న ముసలాయన. నిద్రమొహం పిల్లి. చెవి విరిగిన కుందేలు. పాత సామాన్ల కొట్లలో వెతికి వెతికి తెచ్చుకున్నవి. ఇంత వయసొచ్చి బొమ్మలేంటని నవ్వని మనిషి లేడు. మా ఆయన సంగతి సరేసరి. "మా అక్కకి గుడ్డల పిచ్చి, మా ఆవిడకి బొమ్మల పిచ్చి, నాకు కూర్చుందామంటే కుర్చీ ఖాళీ లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు.

వదిన ఒక్కతే నవ్వలేదు.

మేం ఇల్లు మారినప్పుడు ఒక్కో బొమ్మకీ ఒక్కో సంచి కుట్టి తెచ్చింది. లోపల దూది. పైన బిగించే తాడు. గొడుగాయన సంచికి, గొడుగు ఒత్తుకోకుండా, పక్కన ఒక చిన్న జేబు కూడా. ఒక్క బొమ్మ పగల్లేదు. 

అలాంటి మనిషి ఒకరోజు పెట్టెల వంక చూసి, ఉన్నట్టుండి అంది.

"ఆదివారం ఆ గుడ్డలు కొనుక్కెళ్ళే ఆయన్ని రమ్మన్నానే. అన్నీ పట్టుకుపొమ్మన్నాను. నాకింక వీటితో ఏం పని?"

ఎవరికో ఒకరికి పనికొస్తాయి, మంచిదేగా... అనుకున్నాను.

కానీ ఆ మాట అన్నాక ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. భోజనానికి లేవలేదు. మర్నాడు మిషను మీద దుప్పటి కప్పేసింది. ఆ దుప్పటి చూడగానే నాకు భయం వేసింది. గుడ్డలు పోతే పోనీ. వాటి వెనకే ఈ మనిషి కూడా — నేనింక పనికిరానని — తన మీద తానే మూత పెట్టుకుంటోంది. ఆ మూత ఒకసారి పడిందంటే తీయడం నా వల్ల కాదు.

ఏం చేయాలో తోచలేదు.

తోచనప్పుడు నేను బొమ్మల దుమ్ము తుడుస్తాను. తుడిచి ఫోటోలు తీస్తాను. మా బొమ్మల పిచ్చివాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపుంది, అందులో పెడతాను. నా ఫోటోలు అంతంతమాత్రం. బొమ్మ వెనక స్విచ్చుబోర్డు ఉంటుంది, లేకపోతే ఆరేసిన తువ్వాలు. ఆ రోజు ఒకాయన రాశాడు: "పిల్లి బాగుందమ్మా. వెనక గ్యాసు సిలిండరు ఇంకా బాగుంది."

నవ్వొచ్చింది. నవ్వుతూనే పెట్టెల వైపు చూశాను.

"వదినా, ఆదివారం దాకా మీ గుడ్డలు కాస్త వాడుకోనా? కొయ్యను, కుట్టను. బొమ్మల వెనక వేసి, ఫోటో తీసి, మళ్ళీ మడిచి పెట్టేస్తాను."

"ఏం చేసుకుంటావో చేసుకో" అంది, ఇటు తిరక్కుండానే.

అలా మొదట విప్పింది ఆ పసుపుపచ్చ గుడ్డ. దాని ముందు పిల్లిని పడుకోబెట్టాను. ఇన్నాళ్ళూ బద్ధకంగా కనిపించిన పిల్లి, హాయిగా ఎండ కాచుకుంటున్నట్టుంది. బాగుంది. కానీ చూపించడానికి వెళ్తే వదిన కళ్ళు మూసుకునే ఉంది.

రెండో రోజు ఆకుపచ్చ శాటిన్ తీశాను.

కుర్చీ వీపు మీంచి బల్ల మీదికి జారవిడిచి, గొడుగాయన్ని నిలబెట్టాను. మంచినీళ్ళ కోసం లేచిన వదిన గుమ్మం దగ్గర ఆగింది. గుడ్డ వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ గుడ్డ వైపు...

"అయ్యో అయ్యో, అదేంటే! గుడ్డని తిరగేసి పరిచావు? మెరిసే వైపు కిందకీ, వెనక వైపు పైకీనా! నా మరదలివై ఉండి... ఎవరైనా చూస్తే నా పరువేం కాను?"

ఎవరు చూస్తారు? చూస్తే గొడుగాయన చూడాలి. ఇన్ని రోజుల తర్వాత ఆమె నన్ను తిట్టింది. తిట్టు ఇంత తియ్యగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

వదిన బతుకంతా ఆ వెనక వైపుతోనే పోరాటం. లోపలి కుట్టు పైకుట్టంత శుభ్రంగా ఉండాలి. దారప్పోగు వేలాడకూడదు. "పైన పటారం, లోన లొటారం... అది నా దగ్గర నడవదు" అని కొట్లో పనిచేసే అమ్మాయిల్ని సాధించేది. అంత శుభ్రం చేసిన వెనక వైపుని మళ్ళీ ఎవరి కంటా పడనిచ్చేది కాదు.

తనే వచ్చి గుడ్డని సరిగ్గా తిప్పి పరిచింది. ఫోటో తీశాను.

తెల్లటి మెరుపు.

కిటికీ వెలుతురంతా శాటిన్ మీద పడి ఎదురు కొట్టింది. ముసలాయన నల్లటి మచ్చలా మిగిలాడు. మొహం లేదు. గొడుగు లేదు.

వదిన నా చేతిలోంచి ఫోను లాక్కుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. గుడ్డని మళ్ళీ తిరగేసింది — ఈసారి నెమ్మదిగా.

తీశాను.

మెత్తటి పచ్చ. వాన వెలిశాక, పచ్చిక మీద ముసలాయన ఒక్కడే నడిచిపోతున్నాడు. గొడుగు ముడవడం మర్చిపోయాడు. పొద్దున్న నడకకి వెళ్ళే పెద్దాయన ఎవరో మనకి తెలిసినాయన లాగే ఉన్నాడు.

వదిన చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్ళూ దీన్ని లోపలికి పెట్టి కుట్టానే..." అంది.

ఆ తర్వాత పిలవకుండానే వచ్చి కూర్చునేది. చేతులు మాత్రం చంకల్లో దాచుకునేది. పనంతా నోటితోనే. "అది కాదు, దాని కిందది... ఆ ఊదారంగు." "మడతలు పోలేదు, ఇస్త్రీ పెట్టు." "కుందేలుకి నలుపు వెయ్యకే, పాపం, జడుసుకుంటుంది."

ఒక్కో గుడ్డా విప్పుతుంటే ఒక్కో కబురు. ఇది వానలో తడుస్తూ కొన్నది. ఇది పక్కకొట్టావిడతో పోటీపడి దక్కించుకున్నది. ఇది — ఎర్రటి అంచున్నది — "మీ ఆయన చదువు గట్టెక్కిన రోజు కొన్నా. నాకు నేనే బహుమతి."

"మరి కుట్టుకోలేదేం?"

"వాడికి ఉద్యోగానికి రెండు జతలు కుట్టాలిగా. ఇది తర్వాత చూద్దాంలే అనుకున్నా."

నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళు మండాయి. తనకు కుట్టుకోనివన్నీ ఈ మనిషి మాకే కుట్టింది. ఆ జతలు వేసుకుని మా ఆయన ఉద్యోగానికి వెళ్ళాడు. ఆ ఉద్యోగం మీదే ఈ ఇల్లు, ఈ కిటికీ, ఈ కిటికీలోంచి పడే ఎండ.

గ్రూపులో ఆ పెద్దమనిషి మళ్ళీ రాశాడు: "ముసలాయన అదిరిపోయాడు. ఇంతకీ సిలిండరు ఏమైందమ్మా?"

చదివి వినిపిస్తే వదిన పొట్ట పట్టుకుని నవ్వింది.

అయినా ఆదివారం సంగతి ఆమె మర్చిపోలేదు. ఫోటో అయిపోగానే ఆ గుడ్డని నాతో మడిపించి, మూటలో పెట్టించేది. పెట్టెలు ఖాళీ అవుతున్నాయి. మూటలు పెరుగుతున్నాయి. వద్దని ఎలా చెప్పను? గుడ్డలు ఆమెవి.

ఆదివారం వచ్చింది. మూటలు గుమ్మం పక్కన చేరాయి.

బొమ్మల్లో బాతు ఒక్కటి మిగిలిపోయింది. తెల్ల పింగాణీ బాతు. దానికి ఏ రంగు వేసి చూసినా అతకలేదు. వదిన కాసేపు ఆలోచించి, "మూట విప్పు. అడుగున నీలం వాయిల్ ఉండాలి" అంది.

ఉంది. తీస్తే చేతిలో ఉన్నట్టే లేదు, అంత పలచన. కుర్చీ మీద వేస్తే జారింది. మళ్ళీ వేశాను. మళ్ళీ జారింది. గుండుసూది తీయబోతే గయ్యిమంది — చిల్లు పడుతుందట. మా ఆయన్ని పిలుద్దామంటే బజారుకి వెళ్ళాడు.

"మీరు పట్టుకోండి వదినా."

"నా చేత్తోనా? మతి పోయిందా నీకు? వణుకుతుందే."

"తెలుసు. పట్టుకోండి."

చాలాసేపటికి చంకలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. తర్వాత రెండోది. గుడ్డ అంచుని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంది. పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసేసుకుంది.

గుడ్డ వణికింది. పైనుంచి కిందదాకా... మెల్లగా... ఆగకుండా...

తీశాను.

చూసుకున్నాను. ఫోను ఆమె వైపు తిప్పి, కళ్ళు తెరవమన్నాను.

నీళ్ళు.

బాతు వెనకంతా నీళ్ళు. అల వెనక అల, అల వెనక అల... అద్దాల బీరువాలో ఏళ్ళ తరబడి ఊరికే నిలబడ్డ బాతు ఈదుతోంది. నేను పట్టుకుంటే ఇలా రాదు. మా ఆయన పట్టుకున్నా రాదు. నిలకడగా ఉండే ఏ చేతికీ ఇది రాదు.

"ఇది... నా వణుకేనా?"

"మీదే వదినా."

ఆ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది. అద్దుకుంటే గుడ్డ కింద పడుతుంది, పడితే తిడుతుంది. ఊరుకున్నాను. మనసులోనే అద్దుకున్నాను.

బయట గేటు చప్పుడైంది.

"అమ్మా... గుడ్డలకోసం వచ్చానండీ!"

వదిన కదల్లేదు. చేతులు దించలేదు.

"ఉండమను" అంది, బాతు మీంచి చూపు తిప్పకుండా. "బాతు ఇంకా ఒడ్డుకి రాలేదు."

గేటు దగ్గర ఆయన మళ్ళీ పిలిచాడు. కిటికీ ఎండ వాయిల్లోంచి దూరి అవతలికి పోయింది.

గోడ మీద నీలం... కదులుతోంది... కదులుతోంది...