ఒక్క తూకం

కాలేజీకి వెళ్లగానే పద్మలత చేసే మొదటి పని చేపలకు మేత వేయడం. హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో ఆమె జన్యుశాస్త్రం చెబుతుంది. వెనక గదిలో గాజు తొట్లలో చారల చేపలు పెంచుతుంది. ఒంటిని పెరగమని చెప్పే పదార్థాలు ఎలా పనిచేస్తాయన్నది ఆమె పరిశోధన. ఒక జన్యువు చేసే పనేమిటో తెలియాలంటే దాన్ని ఆపేసి, చేపలో ఏం తక్కువైందో చూడాలి. ఈ సంగతి ఒకసారి ఇంట్లో వివరిస్తే, దానికి అంత చదువెందుకు, దుకాణం ఒకనాడు మూసి చూస్తే గిరాకీ ఎంతో తెలియదా అని తల్లి లక్ష్మీనర్సమ్మ తీసిపారేసింది. పద్మలత మర్నాడు క్లాసులో ఆ మాటే వాడుకుంది.

వాళ్లకు వరంగల్ బీట్‌బజార్‌లో బెల్లం దుకాణం ఉంది. తండ్రి వెంకట్రాజం ఆరడుగుల మనిషి, అటక మీది బస్తాకు నిచ్చెన అడిగేవాడు కాడు. అన్న ఓంప్రకాశ్ కూతురు సౌమ్య మాత్రం ఎనిమిదేళ్లు నిండినా నాలుగేళ్ల పిల్లలాగే ఉండిపోయింది. పెద్ద దవాఖానలో ఏడాది పాటు సూదులు వేయించారు, వెంట్రుకవాసి పెరగలేదు. చివరికి పద్మలతే పిల్ల నెత్తురు తీసుకెళ్లి జన్యువులు చూసింది. పెరగమనే కబురు ఒంట్లో బాగానే బయల్దేరుతోంది, దాన్ని లోపలికి తీసుకునే తలుపే తెరుచుకోవడం లేదు. దానికి తగిన మందు వాళ్లకు ఎక్కడా దొరకలేదు. ఆ మాట అన్నకు చెప్పాల్సి వచ్చింది కూడా ఆమెకే. అప్పటి నుంచి ఓంప్రకాశ్ ఆమె చేపల గురించి అడగడం మానేశాడు.

మందు లేదన్నాక మొక్కే కదా మిగిలేది. మనుమరాలి ఎత్తు బంగారం ఇస్తానని లక్ష్మీనర్సమ్మ సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంది. మేడారంలో బెల్లాన్ని బంగారమనే అంటారు. మనిషిని తరాజులో కూర్చోబెట్టి, తూగినంత బెల్లం అమ్మల గద్దెలకు సమర్పిస్తారు. రెండేళ్లకోసారి జాతర వచ్చినప్పుడల్లా వెంకట్రాజం దుకాణం ముందు పెద్ద తరాజు వేలాడుతుంది, జనం వరస కడతారు.

మొక్కు తీర్చే రోజున ఊగే పళ్లెం చూసి సౌమ్య భయపడి తాతను అంటిపెట్టుకుంది. వెనక జనం తొందర పెడుతున్నారు. ఎట్లాగూ తన మొక్కు కూడా బాకీ ఉంది కదా అని వెంకట్రాజం పిల్లను ఒళ్లో పెట్టుకుని తనే పళ్లెంలో కూర్చున్నాడు. తూకం వేసే శేఖర్ రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు పేర్చాడు. పళ్లేలు సమమయ్యాక లక్ష్మీనర్సమ్మ చూసి, ఇద్దరి మొక్కులు కలిపేస్తారా, విడివిడిగా తూచమని తగువు పెట్టుకుంది. ఒకసారి తూగిన సరుకును మళ్లీ తూస్తే దుకాణానికి మంచిది కాదని వెంకట్రాజం పట్టింపు. దిగనన్నాడు.

“ఒక్క తూకంల కూసున్నం. ఇగ అమ్మలే చూసుకుంటరు,” అన్నాడు.

అమ్మలు చూసుకున్నారు. ఉగాది నాటికి సౌమ్య గౌన్లు పొట్టివయ్యాయి, వెంకట్రాజం పంచె అంచు నేలను ఊడవసాగింది. పిల్ల ఎంత పెరిగిందో తాత అంత తగ్గాడు. ఒకే తూకంలో కూర్చున్నారు గదా అని బజారంతా అనుకుని, బెల్లం ధర మాటల్లో పడింది. దర్జీ ఇద్దరినీ ఒకే రోజు రమ్మని కొలతలు తీసుకునేవాడు.

పద్మలత పిల్ల నెత్తురు మళ్లీ పరీక్షించింది. తలుపు మూసే ఉంది, పిల్ల పెరుగుతూనే ఉంది. ఇంట్లో అందరూ సౌమ్యను చూసి మురిసిపోతుంటే ఆమెకు తండ్రిని చూసి భయం వేసేది. స్కూటర్ మీద కూర్చుంటే ఆయన కాళ్లు నేలకు అందడం లేదు. గల్లా దగ్గర ఎత్తు చాలక కింద రెండు మెత్తలు వేసుకుంటున్నాడు. పిల్ల పూర్తి ఎత్తుకు ఎదిగేసరికి తండ్రి చంకనెత్తుకునేంత అయిపోతాడని ఆమె లెక్క వేసుకుంది. ఆ తర్వాత అసలు మిగులుతాడో లేదో ఆమెకు తెలియదు.

మళ్లీ జాతర దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేని వేళ తండ్రి పక్కన కూర్చుంది.

“బాపూ, ఈసారి ఇద్దర్ని వేరేవేరే తూపిద్దాం. ఇట్లనే అయితే నువ్వు మిగలవు.”

“వేరే తూపిస్తే పిల్ల పెరుగుడు ఆగుతదా?”

అబద్ధం చెప్పాలనే ఉంది, నోరు రాలేదు. “ఆగుతది,” అంది.

“నేను డెబ్బై యేండ్లు పొడుగున్న, సాలు. అది మొన్ననే బడిల బోర్డు కనవడ్తాందని చెప్పింది. నాకు ఫికర్ లేదు బిడ్డా, నువ్వు సుత పెట్టుకోకు.”

అన్నకు చెబితే తల వంచుకుని విన్నాడు. ఒకవైపు తండ్రి, ఒకవైపు కూతురు. లేచి వెళ్లి సర్దిన బస్తాలనే మళ్లీ సర్దాడు.

తూకం రోజున తాతా మనుమరాలూ ఒళ్లో కూర్చునే పని లేకుండా పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరి భుజాలూ దాదాపు సమంగా ఉన్నాయి. శేఖర్ మొదటి ముద్ద ఎత్తబోతుంటే సౌమ్య అడిగింది.

“అత్తా, తాత ఇంకెంత తగ్గుతడు?”

పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. అత్త చూపు తాత మీదికి పోవడం చూసి ఒక కాలు పళ్లెంలోంచి కిందికి దించింది.

“నాకు ఈ పొడుగు సాలు. నేను దిగుత.”

వెంకట్రాజం ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పద్మలతకు ఏడుపొచ్చింది. ప్రయోగంలో ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే దేనివల్ల ఏమైందో ఇక తేలదని విద్యార్థులకు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మనిషి, చెప్పులు విడిచి పళ్లెంలోకి ఎక్కి వాళ్ల పక్కన కూర్చుంది. తండ్రి పోలికతో తనూ పొడుగే, కొంత పోయినా బతకగలదు.

“అక్కా, మీ మొక్కు వేరే గదా?” అన్నాడు శేఖర్.

“లేదు శేఖర్. అందరికీ ఒక్కటే తూకం వెయ్యి.”

లోపలినుంచి ఓంప్రకాశ్ వచ్చాడు. కూతుర్ని ఎత్తి ఒళ్లో పెట్టుకుని ఆ చోట్లో ఇరుక్కున్నాడు. తరాజు గొలుసులు కిర్రుమన్నాయి. లక్ష్మీనర్సమ్మ, మొక్కును ఇంత ఆగం చేస్తారా అని గొణిగింది, తర్వాత కొంగు నడుముకు దోపుకుంది.

“జర జరుగుండ్రి,” అంది.

దుకాణంలో బెల్లం చాలక శేఖర్ పక్క దుకాణంలోంచి తెచ్చాడు.

ఆ ఏడంతా సౌమ్య పెరిగింది. ఇంట్లో మిగిలినవాళ్లు తలా కాస్త తగ్గారు, పైవాళ్లకు తెలిసేంత కాదు. వెంకట్రాజానికి మెత్తలు అలాగే ఉన్నాయి, మూడోది మాత్రం అవసరం పడలేదు. ఈ విషయం మీద ఏమైనా రాయమని తోటి లెక్చరర్ ఒకాయన పద్మలతను అడిగాడు. రాయడానికి ఏమీ లేదంది ఆమె. పిల్ల ఎవరి ఎత్తుతో పెరుగుతోందో ఇక ఏ పరీక్షకూ తేలదు.