కంకర ఇవ్వం

పొద్దు వాలుతుండగా పోటెక్కిన సముద్రం ఆ రోజు ఒడ్డున ఆగలేదు. ఆడవాళ్లు కంకర తవ్వి తవ్వి పల్లం చేసిన చోటు చూసుకుని ఇళ్ల మధ్యకు దూరింది. తబూరే ముసలమ్మ చేమగుంటను నింపేసింది. ఆ చేమ ఆమె అత్త చేత్తో నాటింది. తరావా దీవిలో పెళ్లికైనా చావుకైనా ఆ దుంపే పెట్టాలి. తెల్లారేసరికి ఆకులు వేలాడిపోయాయి. బావి నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పగా ఉన్నాయి.

పక్కింటి మరేవా ఆ ఉప్పునీళ్లు తోడదామని బకెట్ తీసుకుని గుంటలోకి దిగింది.

"తోడకు. నువ్వు తవ్విన దారినే వచ్చింది" అంది తబూరే.

మరేవా బకెట్ కింద పెట్టేసింది. ఆ ఊళ్లో అందరికన్నా ఎక్కువ కంకర తీసింది తనే. మొగుడు పరాయి ఓడ మీద వలలు లాగుతున్నాడు. దగ్గర్లో చేప లేదు. పిల్లల కంచాల్లోకి బియ్యం వచ్చింది ఈ పార వల్లే.

అంతలో కంకర లారీ వచ్చింది. కంట్రాక్టరు కరోటు దిగి గుంట చూసి తలాడించాడు.

"పాపం. ఎక్కడో పెద్ద దేశాలోళ్లు పొగ వదిల్తే మనం మునుగుతున్నాం పెద్దమ్మా. అందుకేగా సముద్రానికి అడ్డంగా గోడ కడుతున్నది. రేపు బస్తాలు రెట్టింపు కావాలి."

"గోడ మా ఊరికా?" అంది మరేవా.

"ముందు సర్కారు ఆఫీసుల దగ్గర."

"నీ గోడౌను కూడా ఆడే కదా" అంది ముసలమ్మ.

కరోటు నవ్వేసి లారీ ఎక్కాడు. బస్తాలూ ఎక్కాయి. మరేవా నింపినవి కూడా. తన ఊరు ముక్కలు ముక్కలుగా తరలిపోతున్నట్టనిపించి ఆమె ఆ లారీ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది.

ఆ సాయంత్రం ఊరంతా మనేయబాలో, ఊరి సభలు జరిగే పెద్ద పాక కింద, చేరింది. పెద్దలు ముందు, ఆడవాళ్లు వెనక. మరేవా వెనక నుంచి లేచింది.

"రేపట్నుంచి ఈ ఒడ్డు కంకర ఇవ్వద్దు."

"ఆడోళ్ల మాట మొగుడి నోటెంట రావాలి" అన్నాడు పెద్దాయన బురెంటావ్.

"నా మొగుడు సముద్రం మీదున్నాడు తాతా. ఆయనొచ్చేదాకా పోటుని ఆగమని నువ్వు చెప్పు."

వెనకెవరో కిసుక్కున నవ్వారు.

"కంకర ఆపితే సముద్రం ఆగుద్దా?" అని ఒకతను ఎగతాళి చేశాడు.

"ఆగదు. పొగ వదిలేవాళ్లు ఆపేదాకా అది వస్తానే ఉంటది. వాళ్లతోనూ తేల్చుకోవాలి. అట్టాగని దానికి గుమ్మం తీసిపెట్టి కూచుంటామా? మన ఒడ్డు తీసి ఆఫీసులోళ్ల గోడ కడుతున్నాం. మునిగేది మనం, తడవకుండా ఉండేది వాళ్లు."

"మరి పిల్లలకేం పెట్టమంటావ్?" ఒక బాలింత గట్టిగా అడిగింది. "నీ మాటలు ఉడకేసి పెట్టనా?"

మరేవా తడబడింది. "నాకూ తెలీదు చెల్లీ. ఒక్కదాన్నే అయితే రేపే మళ్లీ పార పడతా. అందుకే అందర్నీ అడుగుతున్నా. ఇక్కడే అందరికీ ఒక కుండ పెడదాం. ఎవరికి దొరికింది వాళ్లు అందులో వేద్దాం."

చాలాసేపు అరుచుకున్నారు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. చివరికి బురెంటావ్ తన చాప మీద పక్కకు జరిగాడు. "ముందుకొచ్చి కూచో" అన్నాడు.

లారీ ఖాళీగా తిరిగివెళ్లింది. మర్నాడూ అంతే. కుండలో అన్నం కన్నా కొబ్బరే ఎక్కువ కనబడింది. పిల్లలు సణిగారు. అయినా ఎవరూ పార పట్టలేదు.

వారం తిరక్కుండా తవ్వే యంత్రం వచ్చింది, కరోటుతో, పోలీసులతో. ఊరంతా వెళ్లి ఆ పల్లంలో కూర్చుంది.

"ఒడ్డున కంకర తవ్వడం నేరం. మరేవా ఎవరు?" అన్నాడు పోలీసు.

"నేనే. అమ్మినన్నాళ్లూ నేరం కాలేదా? కొన్నోడు నీ పక్కనే ఉన్నాడు. అతన్ని కూడా పట్టుకో."

"ఆయనకి పర్మిట్ ఉంది."

పోలీసు ఆమె రెక్క పట్టుకున్నాడు. అప్పుడు లేచింది తబూరే. పుట్టి బుద్ధెరిగి కంకర తవ్వని మనిషి.

"నేనూ తవ్వాను. నన్నూ తీసుకుపో."

ముసలమ్మ మరేవా వైపు చూడలేదు, ఆమె రెండో చెయ్యి మాత్రం పట్టుకుంది.

"నేనూ తవ్వా" అంది బాలింత. "నేనూ" అన్నాడు బురెంటావ్, కర్ర ఊతంగా లేస్తూ. ఒకరి వెనక ఒకరు అందరూ లేచారు. యంత్రం నడిపే కుర్రాడు ఇంజను ఆపి కిందికి దిగాడు.

"నడుపు" అన్నాడు కరోటు.

"మాదీ దీవే సారూ" అని అతను వాళ్లలో కలిశాడు.

పోలీసు జీపులో పట్టేది నలుగురే. అందుకని ఊరంతా స్టేషన్‌కి నడిచింది. పక్క ఊరి ఒడ్డున ఆడవాళ్లు కంకర నింపుతూ నడుములెత్తి చూశారు.

"ఎక్కడికే అందరూ?"

"జైలుకి" అంది మరేవా. "మన ఒడ్డు మనమే తవ్వి అమ్మామంట. మీరూ అమ్మారుగా. వస్తారా?"

ఒకామె తన బస్తా తిరగేసి, కంకరంతా ఒడ్డునే కుమ్మరించింది. చేతులు లంగాకి తుడుచుకుని రోడ్డెక్కింది. ఆమె వెనక మరో బస్తా బోర్లపడింది.