మొగని పేరు

నా దుకాణం బోర్డు మీద 'విదేశాల్లో ఉన్నవారికి వీసా, పన్ను, రిటైర్మెంట్ సలహాలు' అని రాయించాను. మహబూబాబాద్‌లో ఆ బోర్డు చూసి నవ్వని మనిషి లేడు. "గల్ఫ్‌కు పోయినోనికి రిటైర్మెంటేంది గ్రేస్, నడుము పడిపోయిన్నాడే వాని రిటైర్మెంట్" అని మా ఆయన కూడా ఎగతాళి చేస్తాడు. ఎగతాళే అయినా నిజమే. ముందుగా ఆలోచించుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలా తక్కువ. అందరూ కొంప మునిగాకే వస్తారు. నాకు ఒళ్లు మండుతుంది, నోటికొచ్చినట్టు తిడతాను, తర్వాత వాళ్ల కాగితాలు ముందేసుకుని కూర్చుంటాను.

లాలి కూడా అలాగే వచ్చింది. మరిపెడ దగ్గర తండా వాళ్లది. భర్త మస్కట్‌లో మేస్త్రీ. పని మీదే పక్షవాతం వచ్చి పడిపోయాడు. మాట లేదు, కుడిపక్క కదలదు. వీసా ఈ నెలాఖరుతో సరి. కంపెనీ టికెట్టు కొంటుంది, ఇన్నేళ్ల సర్వీసు డబ్బూ ఇస్తుంది. కానీ భార్య ఒప్పుకోలు కావాలి, అక్కడి మన ఎంబసీ అధికారి ఒకాయన ఆమెను వీడియోలో చూసి మాట్లాడాలి.

"భార్యవు నువ్వే కదా, మాట్లాడు. గింత ఏడుపెందుకు?" అన్నాను.

ఆమె పాస్‌పోర్టు జిరాక్సు బల్ల మీద పెట్టింది. మనిషి పేరు ధన్‌సింగ్. భార్య పేరు గంగి.

"గంగి ఎవరు?"

"మా తోడికోడలు మేడం. ధన్‌సింగంటే మా బావ. ఆయన ఎప్పుడో సచ్చిపోయిండు. నా పెనిమిటిది గా పేరు గాదు." అసలు పేరేమిటో నోటితో చెప్పలేదు. వాళ్ల తండాలో ఆ వయసు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఆధార్ కార్డు తీసి వేలితో చూపించింది. బలరాం.

కథంతా ఏడుస్తూనే చెప్పింది. అప్పట్లో ధన్‌సింగ్ అప్పుచేసి వీసా తెచ్చుకున్నాడు. రేపోమాపో విమానం ఎక్కుతాడనగా బావి మోటారు దగ్గర కరెంటు కొట్టి చచ్చిపోయాడు. ఏజెంటు పైసలు తిరిగివ్వనన్నాడు. అన్నదమ్ములవి ఒకటే పోలికలు. ఏజెంటే ఫోటో మార్చాడు. అన్న వీసా మీద, అన్న పేరుతో తమ్ముడు వెళ్లిపోయాడు. పాస్‌పోర్టు ఎన్నిసార్లు రెన్యువల్ అయినా భయంతో ఒక్క అక్షరం మార్పించుకోలేదు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామా మేడం?" అంది లాలి.

"చెప్తే దొంగ పాస్‌పోర్టు కేసయితది. మంచంల ఉన్న మనిషిని జైలు దవాఖానల పెడతరు. నువ్వు మల్ల సూడవు."

దారి ఒక్కటే. ఆధార్ ఫోటోతో ముఖం పోల్చి చూస్తారు కాబట్టి గంగే కెమెరా ముందు కూర్చుని, వాడు నా మొగుడే అని చెప్పాలి. అది అబద్ధమని తెలిసీ నేనే ఆ సలహా ఇచ్చాను. వేరే సలహా నా దగ్గర లేదు.

"అక్క మాతోని మాట్లాడదు మేడం" అంది లాలి. ఎందుకో అడిగితే తలదించుకుంది. ధన్‌సింగ్ పోయాక, వదినను నేనే చేసుకుంటానని బలరాం పెద్దమనుషుల ముందు ఒప్పుకుని వెళ్లాడట. తిరిగొచ్చి లాలిని చేసుకున్నాడు.

మర్నాడు ఇద్దరం తండాకు పోయాం. గంగి కల్లంలో మిరపకాయలు ఏరుతోంది. బోడి చేతులు, బోడి నుదురు. లాలి తమ భాషలో ఏదో అంటూ కాళ్ల మీద పడింది. గంగి కాళ్లు వెనక్కి లాక్కుని నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుకు నాకు భయమేసింది.

"నా మొగని పేరు తీస్కపోయిండు, వీసా తీస్కపోయిండు. నన్నొక్కదాన్నే ఇడిసిపెట్టిండు. గిప్పుడు ఆడే నా మొగడని చెప్పాలెనా బిడ్డా?"

"చెప్పాలె అవ్వా. ఇంకోటి గూడ ఉన్నది, దాచిపెట్ట. నీ మొగడు బతికున్నడని కాగితం మీదికెక్కితే నీ పింఛను బందయితది. ఎవరన్న తవ్వితే నువ్వు, నేను ఇద్దరం ఇరుక్కుంటం."

"పోన్రి" అంది. మళ్లీ మిరపకాయల్లో చెయ్యి పెట్టింది.

లాలి వచ్చేటప్పుడు దవాఖాన మంచం మీది భర్త ఫోటో ఒకటి అక్కడ వదిలేసి వచ్చింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే నా దుకాణం మెట్ల మీద కూర్చునేది. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. అందరిదీ ఒకటే మాట, భార్య మాట్లాడాలి. లాలి అన్నం మానేసింది. ఆమెను చూస్తే నాకు ఏడుపొచ్చేది, ఏడుపొస్తే కోపమొచ్చేది, ఆ కోపంలో మళ్లీ ఆమెనే తిట్టేదాన్ని.

గడువు ముంచుకొచ్చాక గంగి తనంతట తానే వచ్చింది. ఆ ఫోటో చేతిలో ఉంది.

"మా ఆయన ముసలోడైతే గిట్లనే ఉంటుండె బిడ్డా. రాత్రంతా సూసిన. జల్ది మాట్లాడిపియ్యి, మల్ల నా మనసు తిరుగుతది."

వీడియో కలిపాను. లాలి కెమెరాకు కనబడకుండా బీరువా పక్కన నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అవతల దవాఖానకు వచ్చిన అధికారి తెలుగువాడే.

"మీ భర్త పేరు చెప్పండమ్మా."

గంగి నోరు తెరిచింది. మాట రాలేదు. పెళ్లయిన నాటినుంచి ఆ పేరు ఆమె నాలుక మీదికి రాలేదు.

"భర్త పేరు కూడా తెలీదా?" ఆయన గొంతు మారింది. అడ్డం పడి చెబుదామంటే ఆయన ఊరుకోడు.

ఆయన ఫోన్‌ను మంచం వైపు తిప్పాడు. నెరిసిన గడ్డం, పక్కకు పోయిన మూతి. గంగి ఆ ముఖాన్నే చూసింది.

"ధన్‌సింగ్" అంది మెల్లగా. ఇంకోసారి అంది. తర్వాత ఆగలేదు. ధన్‌సింగ్, ధన్‌సింగ్ అని పిలుస్తూ, తమ భాషలో రాగం తీస్తూ, బల్లకు తల కొట్టుకుంటూ ఏడ్చింది. బావి దగ్గర శవం మీద పడి ఏడ్చిననాడు కూడా ఆమె ఆ పేరు పలికి ఉండదు. మంచం మీది మనిషి ఎడమ కంట్లోంచి నీళ్లు కారాయి. ఎవరిని తలుచుకునో నాకు తెలియదు.

"చాలమ్మా, ఊరుకోండి. శుక్రవారం టికెట్టు వేయిస్తాం" అన్నాడు అధికారి. ఫోన్ ఆగిపోయింది.

గంగి ముఖం తుడుచుకుంది. "ఎయిర్‌పోర్టుకు నేనే రావాల్నా?"

"నువ్వే రావాలె అవ్వా. నీ చేతికే అప్పజెప్తరు."

"అయితే బొట్టు పెట్టుకొని రావాల్నా?"

"పెట్టుకోవాలె" అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

బీరువా పక్కనుంచి లాలి తలెత్తకుండానే అంది.

"ఇంటికొచ్చినంక తుడుసుకో అక్కా."