పై గీత

దుప్పట్లు మడిచే బల్ల మీది నూలుపోగుల్ని చేత్తో ఊడ్చేసి, టీచరమ్మ సుద్దముక్కలు వరసగా పెట్టింది. కింద లాండ్రీలో ఆవిరి గొట్టాలు బుసకొట్టి ఆగాయి. పగటి షిఫ్టువాళ్ళు ఇంకాసేపట్లో చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వస్తారు. పొద్దుటి నుంచి చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి ఆమె గొంతు బొంగురుపోయింది. సీసాలోని గోరువెచ్చని నీళ్ళు రెండు గుక్కలు తాగి, బోర్డు తుడిచింది.

ఈ గదిలో పెద్దవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఆమె పిల్లల వాచకమే తెచ్చింది. పిల్లల చేత పలికించినట్టే రాగం తీసి పలికించింది. తప్పు చదివితే మళ్ళీ చెప్పమనేది. పెద్దవాళ్ళెవరూ ఎదురు చెప్పలేదు, మెల్లగా రావడం మానేశారు. ఒకరికి నడుంనొప్పి, ఒకరికి చుట్టాలు. మిగిలినవాళ్ళు చేతులు బల్ల కింద దాచుకుని కూచునేవారు. గేటు దగ్గర కాపలా కాసే ముసలాయన్ని అందరూ గేటు తాత అంటారు. అసలు సంగతి చివరికి ఆయనే చెప్పాడు.

"నాకు మనవరాళ్ళున్నారు టీచరమ్మా. నాచేత ఉ ఉడుత అని పాడిస్తుంటే సిగ్గేస్తోంది. ఆ ఉడుతతో నాకేం పని చెప్పండి?"

ఆ మాట ఆమెకు ఇంటిదాకా వెంట వచ్చింది. వాళ్ళ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషి తనే. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడల్లా తండ్రి చెయ్యి ఇలాగే బల్ల కిందికి పోయేది. అది చిన్నప్పటి నుంచీ చూసి కూడా తనకు తట్టలేదు.

మర్నాడు వాచకాన్ని బీరువా అడుగున పడేసింది. "మీకు అవసరమైన మాట తలా ఒకటి చెప్పండి. అవే నేర్చుకుందాం," అంది.

బట్టలు మడిచే మడతలక్క, మూటల మీది రాత చదవలేక, మరకల మూట ఏదో పోల్చుకోలేక రోజూ చివాట్లు తింటుంది. ఆమె "మరక" అంది. బాయిలరు దగ్గర పనిచేసే అతను "ముట్టుకోవద్దు" అన్నాడు. గేటు తాత మెడ గోక్కుని, గోక్కుని, "వెళ్ళొస్తా" అన్నాడు.

"అది నోటితో చెప్పేదేగా తాతా!" అంది మడతలక్క.

"మా ఆవిడకి చెవులు పోయాయమ్మా. నేను డ్యూటీకి వెళ్ళానో, ఎక్కడన్నా పడ్డానో తెలీక ఇల్లంతా వెతుక్కుంటోంది. తనకి చదవడం వచ్చు. రాయడం రానిది నాకే."

పద్ధతి ప్రకారం ఆ మాట రావాలంటే గుణింతాలు దాటాలి, ఒత్తులు దాటాలి. టీచరమ్మ వాటి పేర్లు కూడా ఎత్తలేదు. మాటను మాటగానే బోర్డు నిండా రాసి, దాని మీద దిద్దమంది. ఆయన వారాల తరబడి దిద్దుతూనే ఉన్నాడు.

ఇవాళ మెట్ల మీంచే ఆయన గొంతు వినిపించింది.

"కొంప మునిగింది టీచరమ్మా!" రొప్పుతూ, నవ్వుతూ వచ్చి కూలబడ్డాడు. "ఎవర్నీ అడక్కుండా పలక మీద రాసి తలుపుకి తగిలించా. వీధి మలుపు తిరక్కుండానే వెనక్కి పిలిచింది. చూద్దును గదా, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. 'ఈ వయసులో ఎవరితోనయ్యా పెళ్ళి?' అంటుంది. చెవులు పోయాక మనిషి అలా నవ్వగా నేను చూళ్ళేదు."

"ఏం రాశారో ఇక్కడ రాయండి," అంది టీచరమ్మ.

ఆయన నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాశాడు. పెళ్ళొస్తా.

గదంతా గొల్లుమంది. "పెళ్ళికొడుకా, భోజనాలెన్నింటికి?" అన్నాడు బాయిలరతను.

ఇదివరకైతే టీచరమ్మ వెంటనే కొట్టేసి సరిగ్గా రాసేది. ఇప్పుడు దాని పక్కనే 'వెళ్ళొస్తా' అని రాసి, "తేడా ఎక్కడుందో మీరే పట్టుకోండి," అంది. అందరూ ముందుకు వంగారు. చేతులన్నీ బల్ల మీదే ఉన్నాయి.

మడతలక్క ఎగిరి గంతేసినంత పనిచేసింది. "పై గీత! మీదాంట్లో అంటుకుంది, తాతదాంట్లో అంటుకోలేదు!"

"అంతే. అంటుకుంటే వ, అంటుకోకపోతే ప. ఇంటికెళ్ళి పలక సరిచెయ్యండి పెద్దాయనా."

గేటు తాత లేచి, బోర్డు మీద ఒక్క తప్పూ లేకుండా 'వెళ్ళొస్తా' రాశాడు. సుద్ద చేతులు దులుపుకున్నాడు.

"వచ్చిందిగా? ఇంక ఇంట్లోది తప్పు కాదు, నా ఇష్టం. రేపు కూడా నవ్వనీండి." గేటు డ్యూటీకి వేళైందని టోపీ పెట్టుకుని, గుమ్మంలో వెనక్కి తిరిగాడు. "పెళ్ళొస్తా టీచరమ్మా!"

పాఠం అయ్యాక ఆమె బోర్డు తుడుస్తూ ఆయన రాసినవి ఆఖరికి ఉంచింది. ఇంటికి వెళ్ళిపోయిందనుకున్న మడతలక్క మళ్ళీ మెట్లెక్కి వచ్చి నిలబడింది.

"లారీవాడు ఎంత హారన్ కొట్టినా తాత కుర్చీలోంచి లేవలేదు టీచరమ్మా. డాక్టరొచ్చి చూసి, అయిపోయిందన్నాడు." ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఆవిడకి చెప్పాలి. మేం అరిచినా వినపడదు. మా రాత ఇంకా అంతదాకా రాలేదు. మీరే రాయాలి."

ఇల్లు లాండ్రీ వెనక సందులోనే. తాత భార్య గుమ్మం మెట్టు మీద కూచుని చిరిగిన చొక్కా కుట్టుకుంటోంది. టీచరమ్మను చూడగానే ఆవిడ ముఖం వెలిగింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి గట్టిగా అంది.

"చూశారా మీ శిష్యుడి నిర్వాకం!"

సూదితో తలుపు మీది పలక చూపించింది. టీచరమ్మ పిడికిట్లో సుద్దముక్క చెమటకు తడిసింది. పలక అందుకుని, తుడవడానికి రుమాలు తీసింది. తుడవలేదు. పలక వెనక్కి తిప్పి, అటువైపు రాసి ఇచ్చింది.

రాసింది చిన్న మాటే. ఆవిడ దాన్ని చాలాసేపు చదివింది. సూదిని చొక్కాకు గుచ్చి, తలుపు పట్టుకుని లేచింది. టీచరమ్మ రాసింది తలుపు వైపుకు తిప్పి, పలకను మళ్ళీ మేకుకు తగిలించింది.

పలక కాసేపు ఊగి ఆగింది. 'పెళ్ళొస్తా'లో పై గీత ఇంకా అక్షరానికి అంటుకోలేదు.